డెల్ఫీ శిథిలములు: నిలిచినవి, నిలుపబడినవి

శిథిలములను చూడబోవువారిలో రెండు తెగలవారు కనబడుదురు. కూలిన స్తంభమును చూచినంతనే కాలమహిమను తలచి నిట్టూర్చువారు ఒక తెగ. కొలతలు, సంవత్సరములు, రాజుల పేర్లు వ్రాసికొని తృప్తిపడువారు మరియొక తెగ. ఇరువురు చేయునదియు మంచి పనియే. కాని ఇరువురును ఒక ప్రశ్నను విడిచిపెట్టుచున్నారు. మన కన్నులయెదుట నిలువుగా నున్న ఈ రాయి తనంత తాను నిలిచినదా, లేక ఎవరైన నిలిపిరా? నిలిపినచో ఎవరు, ఎప్పుడు, ఎవరి సొమ్ముతో నిలిపిరి? దాని ప్రక్కనే పడియున్న రాతిని ఎందుకు నిలుపలేదు? ప్రాచీనకావ్యమును అచ్చువేయునపుడు పరిష్కర్త ఏ పాఠమును గ్రహించెను, ఏ పాఠమును అడుగున పడవేసెను అని విమర్శకుడు విచారించును. శిథిలక్షేత్రమును గూర్చియు అట్లే విచారింపవలసి యున్నది. ఏలయన, నేడు మనము చూచు ప్రసిద్ధ శిథిలములలో పెక్కు పరిష్కర్తల చేతిమీదుగా వచ్చినవే. గ్రీసు దేశమున పర్నాసస్ కొండవాలున నున్న డెల్ఫీ క్షేత్రమును ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా స్థలమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. ఏథెన్సు నగరమునుండి వాయవ్యముగా సుమారు 180 కిలోమీటర్లు కొండదారిన పోయినచో డెల్ఫీ అను చిన్న ఊరు వచ్చును. ఊరి వీధులు మెట్లవలె ఒకదానిపై నొకటి వాలునంటి యున్నవి. క్రింద ప్లైస్తోస్ నది లోయ. లోయ దిగువను సముద్రతీరమువరకు ఒకే ఆకుపచ్చని ప్రవాహమువలె సాగిన ఆలివు తోటలు. వానికావల కొరింథు సింధుశాఖ నీలము. ఊరికి తూర్పుగా కొద్దిదూరము నడచినంతనే పురాతన క్షేత్రము మొదలగును. దాని వెనుక ఫేడ్రియాడెస్ అను రెండు నిట్రకొండలు గోడలవలె లేచియున్నవి. వాని నడుమ కస్తాలియా అను నీటిబుగ్గ. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైన, ఇంత యిరుకైన వాలునందు, రాతిగోడలతో దిబ్బలు కట్టుకొని గుడిని, నాటకశాలను, పరుగుపందెముల మైదానమును నిర్మించిరి. పర్వతశిఖరము 2457 మీటర్ల యెత్తు. ఇచట కొండ వట్టి అలంకారము కాదు. భూకంపములు వచ్చినప్పుడెల్ల కొండయే గుడిని కూల్చెను. తన మట్టితో కప్పి కొన్నిటిని కాపాడినదియు కొండయే.

ఈ క్షేత్రము ప్రసిద్ధమైనది అపోలో దేవుని ప్రశ్నస్థానముగా. పిథియా అను పేరుగల పూజారిణి దైవావేశమున పలుకుచుండెడిది. మన పల్లెలలో పూనకమువచ్చి పలుకు గణాచారిని ఎరిగినవారికి ఈ సంగతిని వివరింప నక్కరలేదు. అయితే ఇచట ప్రశ్న అడుగువారిలో రైతులతోపాటు రాజులును, నగరములును ఉండిరి. యుద్ధము చేయవచ్చునా, ఏ శాసనమును పాటింపవలెను, తెగులు ఎట్లు పోవును, కొత్త ఊరు ఎచట కట్టుకొనవలెను అని వారు అడిగెడివారు. క్షేత్రము ఏ ఒక్క నగరముయొక్కయు సొత్తు కాక, పండ్రెండు జాతుల గ్రీకుల కూటమి పాలనయందుండెను. నాలుగేండ్ల కొకసారి పిథియా క్రీడలు జరిగెడివి. ఆ క్రీడలలో పరుగుపందెములకంటె సంగీతపు పోటీలకే మొదటి గౌరవము. క్రీస్తుశకము మొదటి శతాబ్ది చివర మొదలుకొని కొన్ని యేండ్లు ప్లూటార్కు అను ప్రసిద్ధ రచయిత ఇచట అర్చకుడుగా నుండెను. ప్రశ్నస్థానముల ప్రాభవము ఏల తగ్గుచున్నదో విచారించుచు ఆయన ఒక గ్రంథమే వ్రాసినాడు. నాల్గవ శతాబ్ది చివర రోమను చక్రవర్తి థియొడోసియస్ ప్రాచీనారాధనలను నిషేధించుటతో ఈ వాణి మూగవోయెను.

ఇక శిథిలములలోనికి పోవుదము. క్రింది ద్వారమునుండి అపోలో గుడివరకు వంకరలు తిరుగుచు పోవు రాతిబాటను పవిత్రమార్గ మందురు. దాని కిరుప్రక్కల ఒకప్పుడు కంచు విగ్రహములు, విజయస్తంభములు, ఆయా నగరములవారు కట్టించుకొన్న చిన్న చిన్న కోశగృహములు క్రిక్కిరిసి యుండెను. కోశగృహమనగా కానుకలు దాచు కట్టడము. గుడివంటి రూపము, ఒక గది, ముందు రెండు స్తంభములు. నేడు ఆ బాటలో నడచువారికి పునాదులే పునాదులు కనబడును. విగ్రహములు పోయి, వాని పాదముల గుంటలు మాత్రము మిగిలిన పీఠము లనేకములు. రోమను చక్రవర్తి నీరో ఇచటినుండి ఐదువందల విగ్రహములు తీసికొనిపోయెనని రెండవ శతాబ్దియందు ఈ క్షేత్రమును దర్శించిన పాసేనియస్ వ్రాసియున్నాడు.

ఇన్ని పునాదుల నడుమ ఒక్క కోశగృహము మాత్రము పైకప్పు అంచువరకు పూర్ణముగా నిలిచియున్నది. అది ఏథెన్సువారిది. మారథాను యుద్ధవిజయమునకు కృతజ్ఞతగా కట్టించినదని పాసేనియస్ మాట. చూచువారు మొదట దీనియొద్దనే ఆగుదురు. ఛాయాచిత్రములును దీనికే తీయుదురు. అంతమంది నగరవాసులలో ఏథెన్సువారి కట్టడమే దృఢమైనది కాబోలునని, వారే ఈ క్షేత్రమునకు పెద్దదిక్కు కాబోలునని తోచుట సహజము. కాని వాస్తవ మది కాదు. ఈ కట్టడమును 1903-1906 సంవత్సరముల నడుమ ఫ్రెంచి పురాతత్త్వజ్ఞులు పడియున్న రాళ్లను ఏర్చి కూర్చి, లోపించినచోట కొత్తరాయి చేర్చి తిరిగి నిలిపిరి. దానికి ధనమిచ్చినది ఆధునిక ఏథెన్సు నగరపాలక సంఘము. అనగా కట్టించిన నగరమునకు రెండువేల నాలుగువందల యేండ్ల తరువాతకూడ ఒక ఖజానా, ఒక సభ, తన పూర్వులను తలచుకొను జనము ఉండుటచేతనే ఆ కోశగృహము నేడు నిలిచియున్నది.

దీనితో సిఫ్నోసువారి కోశగృహమును పోల్చి చూడుడు. సిఫ్నోస్ ఒక చిన్న దీవి. బంగారు, వెండి గనులు దొరకుటచే క్రీ. పూ. 6వ శతాబ్దియందు అది మహైశ్వర్యముతో తులతూగెను. గనుల ఆదాయమున పదవవంతుతో క్రీ. పూ. 525 ప్రాంతమున డెల్ఫీయందు చలువరాతి గృహమును కట్టించిరి. ముందు స్తంభములకు బదులు ఇద్దరు స్త్రీమూర్తులు కప్పును మోయుచుండిరి. చుట్టును శిల్పపట్టిక, అందు ట్రాయి యుద్ధము, దేవతల సభ, దేవతలకును రాక్షసులకును జరిగిన పోరు చెక్కబడియున్నవి. గ్రీకు శిల్పచరిత్ర వ్రాయువారెవ్వరును ఈ పట్టికను తలపక ముందునకు పోజాలరు. కట్టిన కొలది కాలమునకే సేమోసు దీవివారు సిఫ్నోసును కొల్లగొట్టి నూరు టాలెంట్ల ధనము గైకొనిరని హెరొడోటస్ చెప్పుచున్నాడు. పిమ్మట గనులు నీట మునిగినవట. నేడు పవిత్రమార్గమున ఆ కోశగృహపు పునాది ఒక రాతిగచ్చువలె నున్నది. శిల్పములు ప్రదర్శనశాలలోనికి చేరినవి. శిల్పగుణమున ఏథెన్సువారి గృహమునకు ఏమాత్రము తీసిపోని కట్టడమిది. ఐనను కొండపైకి వచ్చినవాడు దాని ప్రక్కగా నడచిపోవును. ఇచట ఏది నిలువవలెనో నిర్ణయించినది కళాగుణమొక్కటే కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. ఎన్ని రాళ్లు దొరకినవి, ఎవరు ధనమిచ్చిరి, ఎవరి పేరు లోకమునకు ముందే తెలియును అను మూడు సంగతులు చేరి నిర్ణయించినవి.

ఇంతకును డెల్ఫీని పోషించినవారెవరు? సమీపనగరములవారు పోషించిరన్న మాట నిజమే. కాని స్వస్థలమును విడిచి సముద్రములు దాటి కాపురముండిన గ్రీకులు ఈ కొండపై చేసిన ఖర్చు మనవంటివారు ప్రత్యేకముగా గమనింపదగినది. కొత్త ఊరు కట్టుటకు బయలుదేరువారు డెల్ఫీయందు ప్రశ్న అడుగుట ఆచారము. థేరా దీవివాడైన బాట్టస్ తన నత్తిని గూర్చి అడుగబోగా, నీవు లిబియాయందు నగరము కట్టవలెనని వాణి పలికినదని హెరొడోటస్ కథ. అట్లు పోయినవారు కష్టములు పడలేక తిరిగిరాగా, థేరావారు ఒడ్డునకు రానీయక కొట్టి వెనుకకు పంపిరట. ఆ విధముగా కన్నతల్లి త్రోసివేయగా క్రీ. పూ. 631 ప్రాంతమున ఆఫ్రికా తీరమున వెలసిన ఊరే కిరేనే మహానగరము. నాల్గవ శతాబ్దియందు ఆ కిరేనేవారు డెల్ఫీయందు తమకొక కోశగృహమును కట్టించుకొనిరి. ఆసియామైనరునుండి పోయి క్రీ. పూ. 600 ప్రాంతమున నేటి ఫ్రాన్సు తీరమున మస్సాలియా నగరమును, అనగా నేటి మార్సేను, స్థాపించినవారును ఇచట ఒక గృహమును కట్టించిరి. దిగువ ఆథీనా దేవాలయ ప్రాంగణమున నున్న ఒక సుందరమైన పునాది వారిదేయని పండితుల నిర్ణయము.

సిసిలీ దీవియందు స్థిరపడిన గ్రీకుల కానుకయే నేడు డెల్ఫీకి కంఠహారమైనది. 1896లో దొరకిన కంచు రథసారథి విగ్రహమును చూడని యాత్రికుడుండడు. నిలువెత్తు మనిషి, 1.80 మీటర్లు, కుచ్చెళ్లు నిటారుగా జారిన నిలువుటంగీ, చేతిలో పగ్గముల తునకలు, పొదిగిన కన్నులు. పందెము గెలిచిన గర్వము మొగమున లేదు. గెలిచిన వెంటనే మనస్సును అదుపున నిలిపికొన్న మర్యాద కలదు. క్రీ. పూ. 478లోనో 474లోనో జరిగిన రథపు పందెమునకు జ్ఞాపకముగా దీనిని సమర్పించినది గేలా నగరాధిపతి పాలిజాలస్ అని పీఠముపై వ్రాత. గేలా సిసిలీ దక్షిణతీరమున రోడ్సు, క్రీటు దీవులవారు పోయి కట్టుకొన్న ఊరు. క్రీ. పూ. 373లో భూకంపముచే కొండ విరిగి గుడి కూలినపుడు ఈ విగ్రహము మట్టిక్రింద పడిపోయినది. అందుచేతనే దోపిడికాండ్ర చేతికి చిక్కక, కరగింపబడక, మనవరకు వచ్చినది. వేలకొలది కంచు విగ్రహములు పోయి, కొండక్రింద కప్పబడినది మిగిలినది.

ఈ దూరదేశపు గ్రీకులు ఏల ఇంత శ్రమపడి ఇచటకు వచ్చిరి? భక్తి యొక కారణము; ప్రతిష్ఠ యొక కారణము. వీటితోపాటు మరియొక కారణము కూడ కలదని మా అభిప్రాయము. పరభాషల నడుమ బ్రదుకువానికి, తానెవ్వరివాడో తనకును ఇతరులకును తెలియునట్లు ఒకచోట రాతిపై వ్రాసి పెట్టవలెనను కోరిక కలుగుచుండును. ఊరిలోనే ఉన్నవానికి ఆ అక్కర లేదు. అతని పేరు అతని వీధికి తెలియును. మార్సేయందలి వర్తకునికి చుట్టును గాల్ జాతివారు. కిరేనేయందలి రైతునకు చుట్టును లిబియావారు. వారి పిల్లలు రెండు భాషలు పలికియుందురు. వారి ఇండ్లలో రెండు తీరుల వంటలు వండియుందురు. అట్టివారు డెల్ఫీకి వచ్చి కట్టుకొన్న ఒక్క గది, మేమును ఈ కుటుంబములోనివారమే యని చెప్పుకొన్న మాట. ఆ గది పునాది నేడు మోకాలెత్తైన లేకుండుట, ఏథెన్సువారి గృహము పూర్ణముగా నుండుట, చూచువాని మనస్సులో ఈ చరిత్రను తలక్రిందులు చేయుచున్నది. ఇది ఈ క్షేత్రప్రదర్శనపై మా మొదటి ఆక్షేపణ.

రెండవది గుడిని గూర్చినది. 373లో కూలిన తరువాత తిరిగి కట్టి క్రీ. పూ. 330 ప్రాంతమున పూర్తిచేసిన అపోలో దేవాలయము పునాది, వాలుదారి, కొన్ని స్తంభములు నేడు కనబడుచున్నవి. ఆ స్తంభములను 1938 తరువాతి సంవత్సరములలో నిలిపిరి. దిగువనున్న గుండ్రని కట్టడమునకు వెలుపల ఇరువది స్తంభములుండెడివి. వానిలో మూటిని 1938లో నిలిపిరి. ఆ మూడు స్తంభముల బొమ్మయే నేడు తపాలాకార్డులపై డెల్ఫీకి మారుపేరు. నిలుపుట తప్పని మేమనము. పడియున్న రాళ్లగుట్టనుండి ఎత్తును, వెడల్పును ఊహించుకొనుట సామాన్యునకు శక్యము కాదు. మూడు స్తంభములైన నిలిచినచో కట్టడపు వైభవమునకు కొలత దొరకును. కాని నిలిపినది నిలిపినట్లుగా చూచువానికి తెలియవలెను. మనము చూచుచున్నది క్రీ. పూ. నాల్గవ శతాబ్దియు, క్రీ. శ. ఇరువదవ శతాబ్దియు కలిసి చేసిన పని. తాళపత్రమున శిథిలమైన పాదమును పూరించినపుడు కుండలీకరణములు పెట్టు మర్యాద మన పరిష్కర్తలకు కలదు. రాళ్లకును అట్టి కుండలీకరణము కావలెను.

గుడిక్రింది దిబ్బను మోయు గోడ ఒకటి కలదు. క్రీ. పూ. 548లో పాతగుడి కాలిపోయిన పిమ్మట కట్టినది. చతురస్రములు కాని, అంచులు వంపులు తిరిగిన రాళ్లను సందులేకుండ ఒకదానిలో నొకటి ఇమిడ్చి కట్టిన ఈ గోడ భూకంపములకు చలింపలేదు. ఎవ్వరును తిరిగి నిలుపనక్కరలేక తనంత తాను నిలిచినది క్షేత్రమంతటిలో ముఖ్యముగా ఇదియే. యాత్రికులు దీనిని గోడగానే చూచి పోవుదురు. దగ్గరకు పోయి చూచినచో రాళ్లనిండ సన్నని అక్షరములు. వందలకొలది శాసనములు, అందెక్కువభాగము బానిసల విడుదల పత్రములు. బానిసను దేవునకు అమ్మినట్లు వ్రాసి, సొమ్ము యజమాని కిచ్చి, విడుదల చేయుట ఆనాటి పద్ధతి. దేవుడు కొన్నవానిని మరల ఎవ్వరును కొనరాదు. బానిస పేరు, వెల, సాక్షుల పేర్లు రాతిపై చెక్కుదురు. కొన్ని పత్రములలో, విడుదలయైనను యజమాని బ్రదికియున్నంతకాలము అతనియొద్దనే ఉండి సేవచేయవలెనను నిబంధనయు కలదు. స్వేచ్ఛ నిచ్చిన చేయియే దానిని సగము వెనుకకు తీసికొన్నది.

రాజుల కంచు విగ్రహములు కరగిపోగా, ఈ బానిసల పేర్లు రెండువేల యేండ్లకు పైగా నిలిచినవి. డెల్ఫీయందు మేము ఎక్కువసేపు నిలిచి చూచిన దీ గోడనే. గుడి వైభవమున్నది, రథసారథి సౌందర్యమున్నది, కాని ఒక మనిషికి ఒక పేరు చెక్కించుకొనుట ఎంత అవసరమో ఈ గోడ చెప్పినట్లు మరేదియు చెప్పదు. సందర్శకులకు ఈ గోడను గూర్చి ఎంత చెప్పినను ఎక్కువ కాదు. చెప్పునది మాత్రము తక్కువగానే యున్నది.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె బరువైనది. నేడు ఖాళీగా, నిర్మలముగా కనబడు ఈ వాలు 1892 వరకు ఖాళీ కాదు. కాస్ట్రి అను పల్లె ఈ గుడిపైననే, ఈ కోశగృహములపైననే నిలిచియుండెను. పాతరాళ్లనే గోడలకు, గడపలకు వాడుకొనిరి. 1436లో ఆంకోనావాడైన కిరియాకస్ వచ్చి శాసనములను చూచి వ్రాసికొనెను; పిమ్మట వచ్చిన యాత్రికులును పల్లెవారి యిండ్లగోడలలో శాసనములను చదివికొని పోయిరి. 1870లో భూకంపము ఆ పల్లెను దెబ్బతీసెను. త్రవ్వకముల హక్కుకై ఫ్రాన్సు, గ్రీసు ప్రభుత్వముల నడుమ యేండ్లకొలది బేరములు జరిగెను. గ్రీసు ఎండుద్రాక్షలపై ఫ్రాన్సు విధించు సుంకము కూడ ఆ బేరములో ఒక భాగమయ్యెను. 1891లో ఒడంబడిక కుదిరి, ఫ్రెంచివారికి పదేండ్ల హక్కు లభించెను. పల్లెను కొనివేయుటకును, త్రవ్వుటకును ఫ్రెంచి శాసనసభ 5 లక్షల ఫ్రాంకులు మంజూరు చేసెను. 1892 శరత్కాలమున పని మొదలిడగా, సొమ్ము చేతికి రాక మునుపే త్రవ్వుటకు ఒప్పమని పల్లెవారు అడ్డుపడిరి. తుదకు పల్లె పడమటికి కదలెను. నేటి డెల్ఫీ ఊరు అదియే. పాత ఇండ్లను పడగొట్టి, మట్టిని పట్టాలపై బండ్లతో తరలించి, 1903 నాటికి ప్రదర్శనశాలను తెరచిరి.

త్రవ్వకముండకూడదని మేమనము. త్రవ్వకున్నచో రథసారథి లేడు, సిఫ్నోసువారి శిల్పపట్టిక లేదు. అయినను విమర్శకునకు ఒక ధర్మము కలదు. గుడి మూగవోయిన తరువాత ఆ కొండపై పదునైదు శతాబ్దుల చరిత్ర కలదు. ఇచట క్రైస్తవ దేవాలయము లుండెను. తురుష్కుల పాలన వచ్చెను. మేకలు కాచినవారును, ఆలివులు పండించినవారును ఉండిరి. పరిష్కర్తలు పుస్తకములోని మొదటి అధ్యాయమును మాత్రము దిద్ది అచ్చువేసి, మిగిలిన అధ్యాయములను చింపివేసిరి. కొండపై నడచువానికి అపోలో గుడి కనబడును గాని, దానిపై బ్రదికిన పల్లె కనబడదు. మన తెలుగునాట నాగార్జునకొండ కథ తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. సాగరపు నీరు వచ్చునని 1954-1960 నడుమ ఆ లోయను త్రవ్వి, విహారముల రాళ్లను కొండపైకిని గట్టుపైకిని చేర్చి తిరిగి కూర్చిరి. లోయలోని ఊళ్లును లేచిపోయినవి. స్తూపము ఎచటికి పోయెనో చెప్పు ఫలకము మనకు దొరకును. ఊరు ఎచటికి పోయెనో చెప్పు ఫలకముకై వెదుకవలెను. రాళ్లకు చూపిన శ్రద్ధలో సగమైనను, వానిని కాచిన మనుష్యుల జ్ఞాపకమునకు చూపుట న్యాయము.

ఆక్షేపణలు చెప్పినంతమాత్రమున డెల్ఫీ ప్రదర్శనయందు గుణము లేదని కాదు. ప్రదర్శనశాలయందు ఏథెన్సువారి కోశగృహపు దక్షిణపు గోడనుండి వచ్చిన రాళ్లు కలవు. వానిపై అపోలోను స్తుతించు రెండు గీతములు, అక్షరములపైన స్వరచిహ్నములతో సహా చెక్కబడియున్నవి. క్రీ. పూ. 128 ప్రాంతమున ఏథెన్సునుండి వచ్చిన గాయకబృందము పాడినవి; 1893లో దొరకినవి. ప్రాచీన గ్రీకు సంగీతము ఎట్లుండెనో ఊహించుటకు ఇంత విస్తారమైన ఆధారములు అరుదు. కోశగృహపు ధనము పోయినది. గోడపై వ్రాసిన పాట మిగిలినది. పైనున్న నాటకశాల సుమారు ఐదువేలమంది కూర్చుండదగినది. 1927లోను 1930లోను కవి ఏంజెలోస్ సికెలియానోస్, అతని భార్య ఈవా పామర్ అచట ప్రాచీన నాటకములను ఆడించిరి. స్తంభములు నిలుపుటయు, నాటకమాడుటయు రెండును పునరుద్ధరణములే. కాని రెండవదానికి మనుష్యులు కావలెను.

ఇక కొండను విడిచి పోయిన వస్తువులను గూర్చి చెప్పి ముగింతుము. పారసీకులపై ప్లటేయా యుద్ధమున గెలిచిన 31 నగరములవారు క్రీ. పూ. 479 తరువాత ఇచట నిలిపిన సర్పస్తంభమును చక్రవర్తి కాన్‌స్టాంటైన్ తన కొత్త రాజధానికి తరలించెను. తలలు పోయినను, అది ఇస్తాంబులు నగరమున నేటికిని ఉన్నది. అది బలాత్కారమున పోయినది. ప్రేమతో తీసికొనిపోయినది మరియొకటి కలదు. డెల్ఫీ గుడి ముంగిట పెద్దల నీతివాక్యములు వ్రాయబడియుండెను. తన్ను తానెరుగుటను గూర్చిన వాక్యము అందు జగత్ప్రసిద్ధము. ఆ వ్రాత నేడు డెల్ఫీయందు లేదు. గుడితో నశించినది. కాని 1966లో అఫ్గానిస్థానమున ఆమూదర్యా నదియొడ్డున ఆయ్ ఖానుం అనుచోట, త్రవ్వకములలో ఒక రాతిపీఠము బయల్పడెను. క్రీ. పూ. 3వ శతాబ్దినాటిది. క్లియార్కస్ అను గ్రీకు పండితుడు డెల్ఫీయందలి ఆ వాక్యములను శ్రద్ధతో వ్రాసికొని వచ్చి, ఈ దూరపు ఊరిలో నిలిపితినని దానిపై చెప్పుకొన్నాడు. క్రింద చివరి ఐదు వాక్యములు మిగిలియున్నవి. బాల్యమునుండి మరణమువరకు ఏ వయస్సున ఎట్లు నడువవలెనో చెప్పునవి. డెల్ఫీనుండి ఆ చోటు 4000 కిలోమీటర్లకు పైబడిన దూరము. చుట్టును బాక్ట్రియా జనులు. మరికొంత తూర్పునకు పోయినచో మన దేశమే.

అలెగ్జాండరు వెంట వచ్చినవారి సంతానము, గ్రీసును కన్నులతో చూడనివారు, తమ పిల్లలకు నేర్పుటకై ఆ వాక్యములను తెప్పించుకొనిరి. స్వస్థానమున పోయిన వ్రాత పరస్థానమున మిగిలినది. డెల్ఫీ శిథిలములు చెప్పు కథలలో దీనికంటె గొప్పది లేదని మా నిశ్చయము. ఇది ఆ కొండపై ఏ స్తంభమును చూచినను తెలియదు. ఆయ్ ఖానుం నగరమును క్రీ. పూ. 145 ప్రాంతమున కాలిపోయి నశించెను. ఐనను రాయి మిగిలినది.

ఇట్టి సంచికను చదువు కుటుంబములకు ఈ సంగతి మిక్కిలి దగ్గరది. బళ్లారిలోనో, మదురైలోనో, బరంపురములోనో, షోలాపురములోనో తరతరములుగా కాపురమున్నవారికి, తమ భాష స్వస్థలమున భద్రముగా నున్నదిగదా, ఇచట మనము నిలుపుకొననేల అను మాట వినబడుచుండును. భద్రత ఎచట నుండునో ముందుగా ఎవ్వరును చెప్పలేరని డెల్ఫీ చెప్పుచున్నది. ఒక ముత్తవ్వ నోటి సామెత, పెండ్లిలో పాడు పాత పాట, ఇంటిపేరు వెనుకనున్న ఊరిపేరు మూలస్థానమున మరచిపోగా సరిహద్దు కావల మిగిలియుండవచ్చును. ఏథెన్సువారి గృహము నిలిచినది వారికి ఖజానా ఉండుటచే. క్లియార్కస్ రాయి నిలిచినది ఒకడు శ్రద్ధగా వ్రాసికొనుటచే. మొదటిది అందరికిని సాధ్యము కాదు. రెండవది ఏ ఇంటిలోనైన, ఒక నోటుపుస్తకముతో సాధ్యము.

డెల్ఫీకి పోవు భాగ్యము కలిగినవారికి మా సలహా ఒక్కటే. ప్రదర్శనశాలను ముందు చూడుడు. సిఫ్నోసువారి శిల్పములను, గేలావారి సారథిని, పాటచెక్కిన రాళ్లను చూచి పిమ్మట కొండ యెక్కుడు. అప్పుడు పునాదులు మాటలాడును. గుడిక్రింది గోడయొద్ద కొంతసేపు నిలువుడు. పరుగుపందెముల మైదానమువరకు ఎక్కినపిదప వెనుదిరిగి పడమటనున్న కొత్త ఊరిని చూడుడు. క్షేత్రమునకై తమ ఇండ్లను విడిచిన కాస్ట్రివారి మనుమలు, మునిమనుమలు అచట నుందురు. వారు చరిత్రకు అడ్డువచ్చినవారు కారు. చరిత్రలో ఒక అధ్యాయము.